గాలీ వానా ఉన్న చలికాలం సాయంత్రం పర్ర మీద బాతుల వేట: ఇంగ్లండ్‌లోని వాష్ తీరానికి మొదటిసారి వెళ్ళేవాళ్ళ కోసం

వాతావరణం బాగున్న సాయంత్రం బాతులు వస్తాయి, కానీ తుపాకీకి అందనంత ఎత్తులో వస్తాయి. ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే మీరు ఎంతసేపు కూర్చున్నా పైన రెక్కల చప్పుడు వినపడటమే తప్ప పిట్ట కంటపడదు. అదే మబ్బు పట్టి, ఈదురుగాలి కొడుతూ, సన్నగా వానో మంచు పలుకులో పడుతున్న రోజు చూడండి, అవే బాతులు గడ్డికి కాస్త పైనుంచి రయ్యిమని వస్తాయి. అందుకే ఇంగ్లండ్‌లో వైల్డ్‌ఫౌలింగ్ (తీరం మీద అడవి బాతుల వేట) చేసేవాళ్ళు జనవరిలో గాలి హెచ్చరిక చూస్తే డ్యూటీ సర్దుకుని బయల్దేరతారు. కానీ బాతుల్ని కిందకి దించే ఆ వాతావరణమే మనిషిని కూడా సముద్రంలోకి తీసుకుపోగలదు, నేను ఇది రాస్తున్నది ముఖ్యంగా దానికోసమే. తుపాకీ ఎలా పేల్చాలో మట్టి బిళ్ళలు ఎగరేసి కాల్పించే క్లే షూటింగ్ గ్రౌండ్‌లో ఎవరైనా నేర్పిస్తారు, చీకట్లో పోటు వచ్చేలోపు సముద్రపు గట్టు ఎక్కే లెక్క మాత్రం ఇంటి దగ్గరే వేసుకుని వెళ్ళాలి.

నేను చెప్పేదంతా వాష్ గురించి. లింకన్‌షైర్‌కీ నార్ఫోక్‌కీ మధ్య విథమ్, వెలాండ్, నీన్, గ్రేట్ ఊజ్ అనే నాలుగు నదులు కలిసే పెద్ద అఖాతం ఇది, చుట్టూ మైళ్ళకొద్దీ ఉప్పు పర్ర, అంటే పెద్ద పోటుకి మునిగే గడ్డి నేల, దాన్ని ముక్కలు ముక్కలుగా కోస్తూ బురద కాలవలు, ఆ పర్ర దాటితే మొత్తం బురద మైదానమే. మన దివిసీమ వైపు పర్ర భూములు చూసినవాళ్ళకి ఆ వాసన, ఆ నేల కొత్తగా అనిపించవు, చలి ఒక్కటే కొత్త. ఇంకోమాట, ఇక్కడ దొరికే టీల్, పిన్‌టెయిల్, విజన్ అనే బాతు జాతులే చలికాలంలో కొల్లేరుకీ పులికాట్‌కీ కూడా వస్తాయి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని వేటాడటం నేరం, కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది సెలవులకి ఊరెళ్ళినప్పుడు అక్కడ చూపిద్దామని మాత్రం అనుకోకండి, దయచేసి.

ముందు కాగితాల సంగతి. పోలీసులు ఇచ్చే షాట్‌గన్ సర్టిఫికెట్ కావాలి, అయిదేళ్ళకి ఇస్తారు, మీ డాక్టర్ దగ్గరనుంచి ఆరోగ్య వివరాలు అడుగుతారు, ఇంటికొచ్చి మాట్లాడి తుపాకీ బీరువా చూసి వెళ్తారు. తర్వాత క్లబ్. తీరం ఎవరిదీ కాదు కదా అని ఎక్కడపడితే అక్కడ కూర్చోవడం ఇంగ్లండ్‌లో కుదరదు, చాలా చోట్ల వేట హక్కులు వైల్డ్‌ఫౌలింగ్ క్లబ్బులు లీజుకి తీసుకుని ఉంటాయి, వాళ్ళ పర్మిట్ ఉంటేనే వెళ్ళాలి. క్లబ్బులో చేరితే మొదట్లో ఒక పాత మెంబర్‌ని తోడిస్తారు, ఆయన వెంట నడవడం కంటే మంచి చదువు ఇంకోటి లేదు. సీజన్ సెప్టెంబర్ 1న మొదలవుతుంది, లోపలి చెరువులు, పొలాల మీద జనవరి 31తో అయిపోతుంది, సముద్రపు పోటు చేరే తీరం మీద ఫిబ్రవరి 20 దాకా ఉంటుంది. నార్ఫోక్ వైపు ఆదివారం బాతుల్ని కొట్టకూడదు, లింకన్‌షైర్ వైపు ఆ చట్టం లేదు, అయినా క్లబ్ రూల్ చూస్కోండి. బాతుల మీద సీసం గుళ్ళు వాడకూడదు, ఇంగ్లండ్‌లో 1999 నుంచే నిషేధం. సెమీ ఆటోమేటిక్ అయితే మ్యాగజైన్‌లో రెండు తూటాలు, ఛాంబర్‌లో ఒకటి, అంతకుమించి పట్టకూడదు. లైట్ వేసి కొట్టడం, నైట్ విజన్ సైట్లు పెట్టడం కూడా నేరమే.

ఇప్పుడు అసలైంది, పోటు. నన్నడిగితే టైడ్ టేబుల్ (ఏ రోజు పోటు ఎన్నింటికి, ఎంత ఎత్తు వస్తుందో చెప్పే పట్టిక) చదవడం రానివాళ్ళు పర్ర మీద కాలు పెట్టకూడదు.

అమావాస్యకీ పౌర్ణమికీ ఒకటి రెండు రోజుల తర్వాత పెద్ద పోట్లు వస్తాయని తీరం పక్కన పెరిగినవాళ్ళకి తెలుసు. వాష్‌లో ఒక ప్రత్యేకత ఉంది, ఆ పెద్ద పోట్లు నిండేది సుమారు పొద్దున, సాయంత్రం 6, 7 గంటల ప్రాంతంలోనే. అంటే సరిగ్గా బాతుల వేళ. జనవరి ఆఖరులో అనుకోండి, 4:30 దాటాక పొద్దు గూకుతుంది, బాతులు కదిలేది ఓ పదిహేను ఇరవై నిమిషాలు ఆగాక, చూడగలిగేంత వెలుగు 5:15, 5:20 దాకా ఉండొచ్చు. పోటు నిండేది 7కి అయితే మీరు లేచే టైంకి అది సగం దారి ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఆరు గంటల పోటులో నీళ్ళు గంట గంటకీ సమానంగా పెరగవు, మధ్యలో మూడో గంట, నాలుగో గంటలోనే దాదాపు సగం ఎత్తు వచ్చేస్తుంది, అంటే 3 నుంచి 5 లోపు, అంటే మీరు వచ్చి కూర్చుని ఆకాశం చూస్తున్న టైంలో. పైగా నీళ్ళు ఎదురుగా అలలా రావు, ముందు కాలవల్లోకి దూరి మీ వెనక్కి చేరతాయి, ముందు చూస్తే బురద ఇంకా పొడిగానే కనిపిస్తుంది, వెనక్కి తిరిగితే వచ్చేటప్పుడు మోకాలి లోతు కూడా లేని కాలవ నడుం దాటి ఉంటుంది. ఈ వాష్‌లోనే 1216 అక్టోబర్‌లో ఇంగ్లండ్ రాజు జాన్ సామాను బళ్ళు మునిగిపోయాయి. ఇంగ్లండ్ వాయవ్య తీరాన ఉన్న మోర్‌కాంబ్ బేలో 2004 ఫిబ్రవరి 5 రాత్రి గవ్వలు ఏరడానికి వెళ్ళిన చైనా కూలీలు కనీసం 21 మంది పోటుకి చిక్కుకుని చనిపోయారు, వాళ్ళకి ఆ చోటు గురించి చెప్పినవాళ్ళు లేరు.

పాడు వాతావరణంలో టేబుల్‌లో రాసిన అంకె కూడా నమ్మడానికి లేదు. ఆ అంకె మామూలు గాలి, మామూలు ప్రెజర్‌కి వేసింది. ప్రెజర్ ఒక మిల్లీబార్ తగ్గితే నీళ్ళు సుమారు ఒక సెంటీమీటర్ లేస్తాయి, ఉత్తరం గాలి నార్త్ సీ నీళ్ళని దక్షిణానికి తోస్తే ఇంకా పైకి, ఇంకా ముందే వస్తాయి. 1953 జనవరి 31 రాత్రి ఈ తూర్పు తీరం మీద అలాంటి ఉప్పెనే వచ్చి ఇంగ్లండ్‌లో 307 మంది పోయారు. కాబట్టి పెద్ద పోటు, దానికి తోడు ఉత్తరం గాలి, అల్ప పీడనం, ఈ మూడూ కలిసిన రోజు కాలవలు దాటి లోపలికి వెళ్ళొద్దు, సముద్రపు గట్టు కిందే కూర్చోండి, నిజానికి ఆ రోజు నీళ్ళే బాతుల్ని మీ దగ్గరికి తోసుకొస్తాయి. మీ పర్ర ఎన్ని మీటర్ల పోటుకి మునుగుతుందో క్లబ్ పెద్దవాళ్ళని అడిగి ఫోన్‌లో రాసిపెట్టుకోండి, ప్రతి పర్రకీ ఆ అంకె వేరు.

నాకు బాగా నచ్చే సాయంత్రం ఏదంటే శుక్ల పక్షంలో అష్టమి దాటిన రెండు రోజులు. అప్పుడు చిన్న పోట్లు, నీళ్ళు పర్ర మీదకే ఎక్కవు, పొద్దు గూకేసరికి సగం చంద్రుడు ఆకాశంలో బాగా పైన ఉంటాడు, దానిమీద పల్చటి తెల్ల మబ్బు పరుచుకుంటే ఆకాశమంతా పాలవెలుగు, బాతు ఎటు వచ్చినా నల్లగా తేలి కనిపిస్తుంది. గాలి కూడా కొడితే ఇంక చెప్పక్కర్లేదు. దానికి పూర్తి విరుద్ధం చంద్రుడున్నా మబ్బు లేని రాత్రి, అంత వెలుగులో కూడా పిట్ట కనపడదు, నల్లటి ఆకాశం ముందు నల్లటి బాతు. అలాగే దట్టమైన వాన మబ్బయితే వెలుగు అరగంట ముందే చస్తుంది, ఆ రోజు బాతులు కూడా తొందరగా కదులుతాయి కాబట్టి మీరు ఇంకా ముందుగా వెళ్ళి కూర్చోవాలి.

బట్టలు, సామాను గురించి ఎక్కువ చెప్పను. కాటన్ వద్దు, తడిస్తే ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది. ఉన్ని, దానిపైన గాలి దూరని కోటు, వేడర్స్ (నడుం పైదాకా వచ్చే, నీళ్ళు దూరని బూట్లు) అయితే నడుముకి బెల్ట్ బిగించుకోండి, పడితే లోపలికి నీళ్ళు తొందరగా నిండవు. రెండో జత గ్లవ్స్ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోండి, వేళ్ళు మొద్దుబారితే సేఫ్టీ క్యాచ్ ఎక్కడుందో కూడా తెలీదు. భుజం ఎత్తు కర్ర ఒకటి, ప్రతి కాలవలో ముందు కర్ర దిగేయండి తర్వాతే కాలు. బురదలో కాలు ఇరుక్కుంటే గింజుకోకుండా వెనక్కి వాలి బరువు పరిచి ఒక్కో కాలు మెల్లగా లాగాలి. ఫోన్ చలికి చచ్చిపోవచ్చు, అందుకని మామూలు దిక్సూచి మెడలో వేసుకుని, గట్టు ఎటు దిక్కున ఉందో వెలుగుండగానే చూసిపెట్టుకోండి, పొగమంచు దిగితే పక్కనున్న కాలవ కూడా కనపడదు. తల లైట్లు రెండు. ఇంట్లో ఒకరికి ఎక్కడ కారు పెట్టారో, ఎన్నింటికి ఫోన్ చేస్తారో చెప్పండి, ఆ టైం దాటితే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ని అడగమని కూడా చెప్పండి, మొహమాటపడొద్దని చెప్పండి.

తుపాకీ 12 బోర్ ఏదైనా పర్లేదు, ఉప్పునీళ్ళకి తుప్పు పడుతుంది కాబట్టి ఖరీదైంది తీసుకెళ్ళకండి. స్టీల్ గుళ్ళు వాడేట్టయితే 32 గ్రాముల తూటా, 3 నంబర్ సైజు గుళ్ళు మామూలు బాతులకి సరిపోతాయి, చోక్ (గొట్టం మూతి దగ్గర ఉండే బిగువు) హాఫ్ దాటనివ్వద్దు. తాతల కాలం నాటి తుపాకీ అయితే స్టీల్ వేయకుండా గన్‌స్మిత్‌ని అడిగి బిస్మత్ గుళ్ళు వాడండి. కాలవ దాటే ప్రతిసారీ తూటాలు తీసేయాలి, దాటాక తుపాకీ మధ్యలో మడిచి తెరిచి గొట్టాల్లోంచి ఆకాశం చూడాలి. గొట్టం మూతి దగ్గర బొటనవేలంత బురద గానీ మంచు గానీ ఇరుక్కుని ఉంటే పేల్చినప్పుడు గొట్టం చీలిపోయి మీ ఎడమ చెయ్యి పోతుంది. చీకటి పడ్డాక కూడా చూడాలి, గొట్టం మూతికి లైట్ పెట్టి ఇటువైపునుంచి చూస్తే గుండ్రంగా మెరవాలి, ఒక పక్క మచ్చ కనపడినా ఆపేసి తుడవండి. నేను జేబులో పాత షూ లేసుకి గుడ్డపీలిక కట్టి ఉంచుకుంటా, గొట్టంలోంచి లాగడానికి.

చోటు ఎంచుకునేటప్పుడు ఒకటే ఆలోచించండి, బాతులు పగలంతా ఎక్కడ పడుకున్నాయి, రాత్రి ఎక్కడ తింటాయి. పగలు సముద్రం మీదో ఇసుక మేట మీదో ఉంటాయి, మునిమాపువేళ తిండికి లోపలికి, పర్ర గుంటల్లోకి, తడి పొలాల్లోకి వస్తాయి. మీరు ఆ దారిలో ఉండాలి. సముద్రంలో అల పెరిగితే అవి అక్కడ నిలవలేక ముందే కదులుతాయి, పాడు వాతావరణం కలిసొచ్చేది అందుకే. దిగేటప్పుడు ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతాయి, అందుకే గుంట పక్కన గాలిని వీపు మీదకి తీసుకుని కూర్చుంటే అవి మీ ముఖం మీదకే వస్తాయి, ఆ గాలీ వానా కళ్ళలో కొట్టదు కూడా. కానీ పశ్చిమాన మిగిలిన ఎర్రటి వెలుగు కూడా మీ ముందే ఉండాలి. గాలి ఒకవైపు, వెలుగు ఇంకోవైపు అయిపోయినప్పుడు నేను వెలుగునే తీసుకుంటా, కనపడని బాతు ఎదురుగా వస్తే ఏం లాభం. గుంటలో డికాయ్‌లు (బాతు బొమ్మలు) నాలుగో అయిదో వేయండి, బాతులు దిగడానికి కాస్త ఖాళీ వదిలి. అన్నిటికంటే దూరంగా ఉన్న డికాయ్‌ని మీ సీటునుంచి ముప్పై అంగలు వేసి అక్కడ పెట్టండి, అదే మీ హద్దు. చీకట్లో దూరం అంచనా ఎవరికైనా తప్పుతుంది, ఆ డికాయ్ అవతల ఉన్న బాతు మీది కాదు. స్టీల్ గుళ్ళతో 35 గజాలు దాటితే చాలావరకు గాయపడి తప్పించుకుపోవడమే, అలా పోయిన పిట్ట పర్ర మీద ఎక్కడో రెండు మూడు రోజులు నరకం పడి చస్తుంది. అది మన చేతిలో ఉన్న విషయం.

ఇంక కూర్చోవడం. తల వంచి, టోపీ కిందకి లాగి, కళ్ళు మాత్రం పైకి. ముందు కాకులు, గల్స్ అనే సముద్రపు పక్షులు వెళ్తాయి, తర్వాత కర్ల్యూలు (వంగిన పొడుగు ముక్కు పక్షులు) అరుస్తూ పోతాయి, వాటిని కొట్టకూడదు. అక్కడనుంచి చెవులే పని చేయాలి. టీల్ చిన్నవి, గుంపుగా వస్తాయి, గాలిలో తల మీదుగా తిరిగితే గుడ్డ బర్రున చించినట్టు వినపడుతుంది, మీరు తలెత్తేసరికి వెళ్ళిపోయి ఉంటాయి, మళ్ళీ తిరిగొస్తాయి, కదలకండి. మగ విజన్ వీఊ అని పొడవుగా ఈల వేస్తుంది, మల్లార్డ్ అనే మామూలు పెద్ద బాతులో ఆడది క్వాక్ క్వాక్ మంటుంది. షెల్‌డక్ పెద్దది, తెలుపూ నలుపూ, రెక్క నిదానంగా కొడుతుంది, చీకట్లో మల్లార్డ్ అనుకునే ప్రమాదం ఉంది, దాన్ని కొట్టడం నేరం. బ్రెంట్ బాతులు నల్లగా వంకరటింకర వరసలో వస్తాయి, అవి కూడా రక్షిత పక్షులే. ఏ పిట్టో తేలకపోతే తుపాకీ దించేయండి, ఆ ఇరవై ముప్పై నిమిషాల్లో ఇంకోటి వస్తుంది, రాకపోతే రేపు వస్తుంది.

కొట్టేటప్పుడు రెండు మాటలు. ఎదురుగాలిలో బాతు మెల్లగా కనిపిస్తుంది, గాలితో పాటు పోయేది మీరనుకున్నదానికంటే చాలా స్పీడ్‌గా పోతుంది, బాతు వెనక నుంచి ముందుకి తుపాకీ ఊపుతూ దాని ముక్కు దాటాక నొక్కండి, ఊపడం మాత్రం ఆపొద్దు. గుంపులోకి పేల్చొద్దు, ఒక్క పిట్టని ఎంచుకోండి. అది పడిన చోటునుంచి కన్ను తీయకుండా రెండోది కొట్టాలా వద్దా ఆలోచించండి, ఎందుకంటే చీకట్లో రెండు పిట్టల జాడ గుర్తుపెట్టుకోవడం కష్టం.

కుక్క లేకుండా సాయంత్రం వేటకి వెళ్ళొద్దని నా గట్టి అభిప్రాయం. ల్యాబ్రడార్ గానీ స్పానియల్ గానీ, శిక్షణ ఉన్నది. చీకట్లో గడ్డిలో పడ్డ టీల్‌ని మనిషి వెతికి పట్టుకోలేడు, మీకు కుక్క లేకపోతే ఉన్నవాళ్ళ పక్కన కూర్చోండి, సంతోషంగా ఒప్పుకుంటారు. కుక్కకి నియోప్రిన్ కోటు తొడగండి, మధ్యలో కాస్త తిండి పెట్టండి, వణుకుతుంటే అంతటితో వేట ఆపి ఇంటికి. పెద్ద కాలవలో ఆటు జోరుగా లాగుతున్నప్పుడు బాతు అవతల పడితే కుక్కని పంపొద్దు, ఆ ప్రవాహం రెండిటినీ సముద్రంలోకి తీసుకుపోతుంది. అలాంటి చోట బాతు పడే అవకాశం ఉందని ముందే తెలుస్తుంది, కాబట్టి పడక ముందే, అంటే పేల్చక ముందే ఆగాలి. గాయపడ్డ పిట్ట చేతికొచ్చిన క్షణమే ప్రాణం తీసేయాలి, చేతకాకపోతే పాత మెంబర్ల దగ్గర ముందు నేర్చుకోండి. వెతకడానికి లైట్ వాడొచ్చు, కానీ అప్పటికి తుపాకీ ఖాళీ చేసి సంచిలో పెట్టేసి ఉండాలి.

ఎన్ని అనేది క్లబ్ చెప్తుంది, దానికంటే తక్కువ మీకు మీరు పెట్టుకోండి. ఇద్దరు మనుషుల ఇంటికి రెండు పిట్టలు ఒక పూటకి ఎక్కువే.

గడ్డకట్టే చలి రోజుల తరబడి సాగితే లోపలి చెరువులన్నీ మంచు కట్టి బాతులన్నీ ఉప్పునీళ్ళ అంచుకి చేరతాయి, చాలామందికి అది పండగలా అనిపిస్తుంది, కానీ అవి ఆకలితో సన్నగా, అలిసిపోయి ఉంటాయి. అలాంటి చలి ఏడు రోజులు సాగాక స్వచ్ఛందంగా తగ్గించమని పిలుపు ఇస్తారు, పదిహేనో రోజుకి ప్రభుత్వమే వేట ఆపేస్తుంది. నేనైతే ఏడో రోజుదాకా కూడా ఆగను. చేతిలోకి తీసుకున్న బాతు రొమ్ము ఎముక కత్తిలా తగులుతోందంటే ఆ వారం ఇంక వెళ్ళను.

తిరుగు నడక వచ్చిన దారినే. కొత్త అడ్డదారి చీకట్లో ట్రై చేయొద్దు, అది ఎంత దగ్గరగా కనిపించినా సరే. బాతులు ఇంకా వస్తూనే ఉంటాయి, అప్పుడే మంచి జోరు మీద ఉంటాయి, అయినా మీరు అనుకున్న టైంకి లేవాలి, ఫోన్‌లో అలారం పెట్టుకుని అది మోగగానే తూటాలు తీసేయండి. గట్టు ఎక్కి ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

ఇంటికొచ్చాక ముందు కుక్క, తర్వాత తుపాకీ, తర్వాత మీరు. కుక్కని మంచినీళ్ళతో కడిగి తుడిచి వెచ్చగా పడుకోబెట్టండి. తుపాకీ మీద ఉప్పు రాత్రికి రాత్రే తుప్పు చేస్తుంది, తడిగుడ్డతో ఉప్పు తుడిచి, ఆరబెట్టి, నూనె రాసి బీరువాలో పెట్టి తాళం వేయండి. బాతుల్ని చల్లటి గాలి తగిలేచోట మెడ దగ్గర కట్టి రెండు రోజులు వేలాడదీయొచ్చు. బర్డ్ ఫ్లూ ఉంది కాబట్టి ఈకలు పీకేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, నీరసంగా, తల వాల్చి ఉన్న పిట్టని ముట్టుకోకండి, ఇంట్లో కోళ్ళు పెంచేవాళ్ళు బూట్లు కడగకుండా అటు పోవద్దు. వండటానికి వస్తే టీల్, విజన్ మాంసంలో కొవ్వు తక్కువ, కోడిలాగా ఎక్కువసేపు ఉడికిస్తే గట్టిపడుతుంది. కాళ్ళు, మెడ విడిగా తీసి అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు వేసి సన్న సెగ మీద ఇగురు పెట్టండి, రొమ్ము ముక్కలు మాత్రం ఆఖర్న వేడి పెనం మీద వేసి కాల్చి ఆ ఇగురు పైన పెట్టుకోండి. కొరికేటప్పుడు నెమ్మదిగా కొరకండి, ఎంత వెతికినా ఒకటో రెండో స్టీల్ గుళ్ళు మాంసంలో ఉండిపోతాయి, పిల్లల ప్లేట్‌లోకి వేసేముందు వేలితో నొక్కి చూడండి.